వదిన మీద కోపంతో కట్టిన బీటరు

మా వీధిలో ఎవరినడిగినా నేను బతుకుతెరువు కోసం కాగితం మర కట్టానని చెబుతారు. మా ఆయన ఇంకో మెట్టు ఎక్కి, "మా ఆవిడకి చిన్నప్పట్నుంచీ యంత్రాలంటే ఇష్టమండి" అంటాడు. అంతా ఉత్తమాట. మిక్సీ మూత సరిగ్గా పడకపోతే గోడకేసి కొట్టే మనిషిని నేను. ఆ మర కట్టింది మా వదిన మీద కోపంతో. ఆవిడ నా ముందు తల దించుకోవాలి, అది నేను కళ్ళారా చూడాలి. ఇంకో కారణం లేదు.

వదినంటే మా ఆయనకి అక్క. మా అత్తమామలకి వీళ్ళిద్దరే పిల్లలు. మాది చీరాలలో నేత ఇల్లు. వదినని గుంటూరులో ఇచ్చారు. ఆవిడ భర్త, నేను అన్నయ్యగారు అని పిలిచేదాన్ని, చాలా మెత్తని మనిషి. గుంటూరు శివార్లలో మిరపకాయల కోల్డ్ స్టోరేజీల వెనక ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, చేతితో కాగితం చేసే పని పెట్టారు. పేరు ఆయనది, పెత్తనం వదినది. శుభలేఖలకి, ఫైళ్ళ అట్టలకి ఆ కాగితం పోయేది. బ్రాడీపేటలో ఒక శుభలేఖల కొట్టాయన వాళ్ళు చేసిందంతా కొనేవాడు.

తొంభైల చివరి మాట ఇది. మాది గుంట మగ్గం. వానాకాలం వస్తే గుంటలో నీళ్ళు ఊరతాయి, పడుగు చెమ్మెక్కి పోగులు పుటుక్కున తెగుతాయి. ఆ నెలల్లో నేసేవాళ్ళ ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టం. "వానలప్పుడు నా దగ్గరికి రావే, చుట్టానికి చుట్టం, పనికి పని" అంది వదిన. వెళ్ళాను. బ్రాడీపేటలో వాళ్ళింటి వెనక గది నాకిచ్చింది. పొద్దున్నే ఇంటి పని, పగలంతా షెడ్డులో పని, సాయంత్రం మళ్ళీ ఇంటి పని. చుట్టంగా కూర్చోబెట్టి ఒక్క పూట కాఫీ ఇచ్చిన పాపాన పోలేదు.

కాగితం పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా కోపం మీకర్థం కాదు. పాత నూలు గుడ్డల్ని చిన్న ముక్కలుగా కత్తిరించి, సున్నం నీళ్ళలో ఉడకబెట్టి, బాగా జాడించి బీటర్లో వేస్తారు. బీటరంటే కోలగా ఉండే ఒక పెద్ద తొట్టి. మధ్యలో పొడుగ్గా ఒక అడ్డుగోడ, రెండు చివర్లా దారి వదిలి ఉంటుంది. గోడకి ఒక పక్కన ఇనప బద్దీలు బిగించిన రోలరు తిరుగుతూ ఉంటుంది. దాని కింద ఇంకో ఇనప పలక. గుడ్డ ముక్కలు ఆ రెండిటి మధ్యా నలిగి, గోడ చుట్టూ తిరిగి, మళ్ళీ వచ్చి నలుగుతాయి. పూటంతా అలా తిరిగితే గుడ్డ కాస్తా జావలాంటి గుజ్జవుతుంది. ఆ గుజ్జుని నీళ్ళలో కలిపి, జల్లెడ బిగించిన చట్రాన్ని ముంచి తీస్తే కాగితం. చట్రం ఎవరైనా కొట్టించుకోవచ్చు, నీళ్ళ తొట్టి ఎవరింట్లోనైనా ఉంటుంది. బీటరు దగ్గరే ఆగిపోతారు అందరూ.

ఒకసారి మా ఇంటి నుంచి రంగు పోగుల కొసలు పట్టుకెళ్ళాను. మగ్గం మీద చీర కోశాక మిగిలిపోయే ఎర్ర పోగులు, ఆకుపచ్చ పోగులు. వాటిని చిన్నగా కత్తిరించి గుజ్జులో చల్లి కాగితం తీశాను. తెల్ల కాగితంలో అక్కడక్కడా రంగు పోగులు మెరుస్తూ ఎంత బాగుందో. శుభలేఖల కొట్టాయన చూసి ఎగిరి గంతేశాడు. "ఎవరిదమ్మా ఈ ఐడియా?" అన్నాడు. వదిన నా పక్కనే నిలబడి, "మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని కదండీ" అంది. అబద్ధం ఆడకుండా నా సొత్తు ఎత్తుకుపోయింది. ఆ తెలివికి ఇప్పటికీ నమస్కారం పెడతాను.

అప్పుడు నాకూ ఆశ పుట్టింది. షెడ్డుకి సెలవు రోజున మర ఊరికే ఉంటుంది కదా, కొంచెం గుజ్జు ముద్దలు కట్టుకుని రైల్లో చీరాల తెచ్చుకుంటాను, ఇంటి దగ్గర నా కాగితం నేను తీసుకుంటాను అని అడిగాను. వదిన "చూద్దాంలే" అంది.

చూసింది. వాళ్ళు మేడ మీద ఇంకో అంతస్తు వేసి గృహప్రవేశం చేసినప్పుడు చూసింది. చీరాల నుంచి, మంగళగిరి నుంచి బంధువులంతా వచ్చారు. భోజనాలయ్యాక ఆడవాళ్ళని వరసగా కూర్చోబెట్టి, బొట్టు పెట్టి చీరలిస్తోంది. నా వంతు వచ్చింది. చీర నా ఒళ్ళో పెట్టి, అందరికీ వినపడేలా అంది.

"మా మరదలు సొంతంగా కాగితం చేస్తుందంటండీ. గుజ్జు పెట్టమని నన్నడుగుతోంది. ఏమ్మా, మీ ఇంట్లో రోలు లేదూ? రుబ్బుకో!"

ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. తాంబూలం నములుతున్న మగవాళ్ళు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. నవ్వలేదు, దగ్గొచ్చింది అంటాడు ఇప్పటికీ. నేను చూశాను.

ఆ చీర కవరు కూడా విప్పకుండా తెచ్చి మా ఇంటి అటక మీదకి విసిరేశాను. ఆ రోజే అనుకున్నాను, ఈవిడ మర లాంటి మర కడతాను, ఈవిడ అన్నం మీద దుమ్ము పోస్తాను, ఈవిడ వచ్చి నా గుమ్మంలో నిలబడేదాకా నిద్రపోను అని. పాము పగ అంటారు కానీ పాముకి అంత ఓపిక ఎక్కడిది? ఆడపడుచు చేత మాటపడ్డ కోడలికే ఉంటుంది.

ఆ తర్వాత కూడా వానాకాలం రాగానే ఆ షెడ్డుకే పనికి వెళ్ళాను. సిగ్గులేదా అనుకోకండి. నేను వెళ్ళింది దొంగతనానికి. బీటరు కడిగే పని ఎవరూ చెయ్యరు, వంగి తోమితే నడుం విరుగుతుంది. "నేను కడుగుతాలే వదినా" అని ముందుకొచ్చాను. ఆవిడ సంబరపడింది. తొట్టిలో దిగి తోముతూ కొలతలు తీసుకునేదాన్ని. టేపు పెడితే తెలిసిపోతుంది కదా, కండె మీది నూలు దారంతో కొలిచి ముడివేసేదాన్ని. తొట్టి పొడుగుకి ఎర్ర దారం, రోలరు పొడుగుకి నల్ల దారం, బద్దీల మధ్య ఎడానికి పసుపు దారం. అన్నీ కలిపి పేని మొలకి కట్టుకునేదాన్ని. ఒకరోజు వదిన చూడనే చూసింది.

"ఏంటే మొలకి ఆ దారాలు?"

"మొక్కుకున్నాను వదినా."

"ఏ దేవుడికి?"

"తీరాక చెబుతాను."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

దారాలైతే వచ్చాయి గానీ మర రావాలి కదా. చేతి గాజులు అమ్మేశాను. బోసి చేతులు కళ్ళబడినప్పుడల్లా వదిన మీద ఇంకో గుప్పెడు కోపం చేరేది. మా ఆయన మొదట్లో "పిచ్చా నీకు, ఇనప బద్దీలతో ఆటలేంటి" అని తిట్టాడు. తర్వాత నా మొహం చూసి తిట్టడం మానేశాడు. పర్చూరు వైపు ఒక రైతు బోరు వేయించుకుని బావి మోటారు మూల పడేశాడంటే, ఆయన ఇంట్లో ఆడపిల్లలకి చీరలిచ్చి ఆ మోటారు తీసుకొచ్చింది మా ఆయనే. దగ్గొచ్చిన మనిషి తప్పు దిద్దుకుంటున్నాడులే అనుకున్నాను.

తొట్టి కట్టడానికి వచ్చిన తాపీ మేస్త్రికి నేను గీసుకున్న తొట్టి బొమ్మ చూపించాను. జీవితమంతా గేదెల కుడితి తొట్లు కట్టిన మనిషి. "గేదె ఏ పక్క నుంచి తాగుద్దమ్మా?" అని అడిగాడు. గేదె లేదయ్యా అంటే నమ్మలేదు. మధ్యలో గోడ ఎందుకంటే, "రెండు గేదెలు పోట్లాడుకోకుండానా?" అన్నాడు. ఔనయ్యా, రెండు గేదెలు పోట్లాడుకుంటున్నాయి, అందులో ఒకటి గుంటూరులో ఉంది, నువ్వు కట్టు అన్నాను.

రోలరు ఇంకో కథ. షెడ్డులో ఉన్నది ఫౌండ్రీలో పోసింది, ఆ పని నా వల్ల కాదు. నల్లతుమ్మ మొద్దు మీద ఇనప బద్దీలు గుచ్చి చేయించాలనుకున్నాను. బండి చక్రాలు చేసే వడ్రంగి ఒకాయన ఉండేవాడు. చక్రం మధ్యలో ఆకు కర్రలు గుచ్చే మొద్దు ఉంటుంది చూశారూ, నీళ్ళలో నానినా బురదలో దిగినా ఆకులు వదలదు. అలాగే నాకు బద్దీలు పట్టాలి. ట్రాక్టర్లొచ్చాక ఎడ్లబండ్లు మూలపడి, పాత చక్రాల ఇనప పట్టాలు ఆయన పెరట్లో గుట్టగా ఉన్నాయి. వాటినే కోసి సాగగొట్టించి బద్దీలు చేయించాను.

రోలరు తెచ్చి తొట్టిలో ఎక్కించి తిప్పితే మధ్యలో కింద పలకకి రాసుకుంటోంది, రెండు చివర్లా గుడ్డ నలగకుండా జారిపోతోంది. వంగి చూద్దును కదా, మొద్దుకి నడుమ చక్కగా బొజ్జ వచ్చి ఉంది. బండి చక్రం మొద్దుకి బొజ్జ ఉంటుంది మరి. "ఇదేంటయ్యా" అని అరిచాను. "చెయ్యి అలవాటమ్మా. బొజ్జ లేకపోతే నా కంటికది మొండెంలా ఉంటది" అన్నాడు. బద్దీలన్నీ పీకి, బొజ్జ చెక్కి, మళ్ళీ గుచ్చే సరికి మిరపకాయ కోతలు వచ్చి వెళ్ళిపోయాయి. ఈసారి నానబెట్టకుండా ఎక్కించాం. నీళ్ళు తగిలి తుమ్మ ఉబ్బి రోలరు అసలు తిరగనే లేదు. మళ్ళీ దించి, నానబెట్టి, చెక్కి, ఎక్కించాం. విసుగొచ్చినప్పుడల్లా ఆ గృహప్రవేశంలో నవ్విన మొహాలు ఒక్కొక్కటే తలుచుకునేదాన్ని. వెంటనే ఓపిక వచ్చేది.

చివరికి రోలరు తిరిగింది. నీళ్ళు గోడ చుట్టూ ప్రదక్షిణం చేసి వచ్చాయి. నేను గంతులేస్తుంటే మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మంచి రోజు చూసి మొదలెడదాం. అక్కకి కబురు పెట్టాను."

నాకు ఒంట్లో రక్తం తలకెక్కింది. మా ఇళ్ళలో కొత్త మగ్గం దింపినా, ఇంటికి గడప ఎత్తినా ఆడపడుచు చేత దీపం పెట్టించి, ఆవిడ చేతనే మొదలెట్టించాలి. ఆవిడ కాళ్ళకి పసుపు రాసి, చీర పెట్టి పంపాలి. ఇది ఆనవాయితీ. ఆ పసుపు రాయాల్సింది ఇంటి కోడలు. అంటే నేను.

"మీ అక్క నెత్తి మీద కొట్టడానికి కట్టిన మరండీ ఇది!"

"అది నీకూ నాకూ తెలుసు. ఊరికి తెలీదుగా. ఆడపడుచు లేకుండా మొదలెడితే ఏం ఉసురు తగులుద్దో."

రెండు రోజులు వంట చెయ్యలేదు. తర్వాత ఒక ఆలోచన తట్టి, లేచి పులుసు పెట్టాను. రానీ. ఆవిడే రానీ. ఆవిడ చేత్తోనే స్విచ్చి వేయిస్తాను. ఆ రోజు తొట్టిలో పడే మొదటి గుడ్డ, ఆవిడ నవ్వుతూ నా ఒళ్ళో పెట్టిన చీరే. తన చీరని తన చేత్తోనే గుజ్జు చేసుకోవాలి. సంగతి అప్పుడు చెబుతాను, వీధి వీధంతా వింటుండగా.

అటక మీద నుంచి చీర దించి కత్తిరించడం మొదలుపెట్టాను. మా ఆయన ఒక ముక్క తీసుకుని వేళ్ళ మధ్య నలిపాడు.

"ఇందులో నూలు సగమేనే. పాలిస్టర్ కలిసింది. ఒక పోగు కాల్చి చూడు."

"మీ అక్క చీర మీద కూడా ఈగ వాలనివ్వరే!" అని ఆయన చేతిలో ముక్క లాక్కున్నాను. పోగు కాలిస్తే నూలైతే బూడిదవుతుంది, పాలిస్టరైతే ముద్దకడుతుంది. నేతవాళ్ళ ఇంట్లో పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి. అగ్గిపెట్టె చేతికందే దూరంలోనే ఉంది. నేను తియ్యలేదు.

వదిన అరటిపళ్ళ గెలతో దిగింది. వీధంతా మా పెరట్లోనే ఉంది. పీట మీద కూర్చోబెట్టి ఆవిడ పాదాలకి పసుపు రాశాను. అరికాళ్ళు గట్టిగా రుద్దాను, అంతకంటే ఏం చెయ్యగలను? ఆవిడ లేచి మర చుట్టూ తిరిగింది. తొట్టి చూసింది, గోడ చూసింది, రోలరు దగ్గర వంగి బద్దీల మధ్య ఎడం వేలితో కొలిచింది. ఆగింది. నా మొల వంక చూసింది. కొబ్బరికాయ కొట్టి స్విచ్చి వేసింది.

నేను బుట్టలో ముక్కలు తొట్టిలో గుమ్మరించాను. ఒక చుట్టు తిరిగాయి. రెండో చుట్టు తిరిగాయి. చెప్పాల్సిన మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంతలో పీలికలన్నీ రోలరుకి చుట్టుకోవడం మొదలెట్టాయి. నూలైతే నలిగి తెగుతుంది. ఇది సాగి, పేనుకుని, తాళ్ళలా బద్దీల్ని బిగించేసింది. రోలరు నిలిచిపోయింది. బెల్టు ఊడి మా ఆయన కాళ్ళ దగ్గర పడింది. మోటారు గుయ్యిమని మూలుగుతూ కాలిన వాసన వేసింది. ఎవరో పరిగెత్తి స్విచ్చి తీశారు.

వదిన చీర కుచ్చెళ్ళు ఎగదోపి తొట్టిలోకి దిగింది. కత్తి అడిగి తీసుకుని, బద్దీల మధ్య నుంచి ఒక్కో పీలిక కోసి లాగింది. చాలాసేపు పట్టింది. ఒక పీలికకి అంచు మిగిలి ఉంది. దాన్ని పట్టుకుని తిప్పి చూసింది. గుర్తుపట్టింది. నా వంక చూసింది. అందరి ముందూ అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండును, నేనూ అరిచేదాన్ని. ఆవిడ ఆ పీలికని శుభ్రంగా పిండి, తీసుకెళ్ళి మా దండెం మీద ఆరేసింది.

"నేతవాళ్ళ ఇంటి కోడలివి. పోగు కాల్చి చూసుకోలేదే?"

అంతే అంది. తర్వాత మా ఆయన పాత పంచెలు రెండు చింపించి వేయించి, మర తిరిగేదాకా ఉండి, నేను పెట్టిన మంగళగిరి చీర చంకలో పెట్టుకుని సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. వీధివాళ్ళు వెళ్తూ వెళ్తూ, "మీ ఆడపడుచు చేతి చలవ, లేకపోతే మర కాలిపోయేది" అని నాకు చెప్పి వెళ్ళారు. ఆ దండెం మీద గుడ్డ నేను తియ్యలేదు. ఎండకి చివికి అదే రాలిపోయింది. రోజూ దాన్ని చూసుకుని పళ్ళు నూరుకున్నాను.

అప్పుడు బుర్ర పనిచేసింది. మర కడితే చాలదు, ఆవిడ మరకి మేత లేకుండా చెయ్యాలి. వదిన కాగితానికి అసలు బలం చీరాల మగ్గాల దగ్గర మిగిలే అచ్చ నూలు. పుట్టిల్లు కదా అని వీధిలో ప్రతి ఇంటి నుంచీ మూటలు కట్టించుకుని తీసుకెళ్ళేది. నేను ఇంటింటికీ తిరిగాను. ఎవరింట్లో ముసలమ్మకి చెయ్యి నొప్పంటే కండెలు చుట్టి పెట్టాను. ఎవరింట్లో పడుగు తెగితే కూర్చుని అతికాను. కబుర్లలో పెడితే తెలిసింది, మా వదిన చిన్నప్పుడు నోరు జారని గడప మా వీధిలో లేదు. ఒకావిడని "కోతిముక్కు" అందట, ముప్ఫై ఏళ్ళయినా ఆవిడ మర్చిపోలేదు. నేను పెద్దగా కష్టపడాల్సిన పనే లేకపోయింది. మూటలన్నీ నా గుమ్మం ముందుకొచ్చి పడ్డాయి.

గుంటూరు షెడ్డుకి దర్జీల దగ్గర కత్తిరింపు ముక్కలే దిక్కయ్యాయి. అప్పటికి రోజులు మారాయి. ఏ చొక్కా ముక్కలోనైనా పాలిస్టరే. ఏరి తియ్యడం ఎవరి తరం? ఆవిడ కాగితంలో నిగనిగలాడే నలుసులు వచ్చేవి, ఇంకు పట్టేది కాదు. శుభలేఖ మీద వరుడి పేరు చెదిరిపోతే ఏ పెళ్ళివాళ్ళు ఊరుకుంటారు? బ్రాడీపేట కొట్టాయన కొన్నాళ్ళు చూసి, ఒకరోజు చీరాల రైలెక్కి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పిడుగురాళ్ల సున్నంలో ఉడికిన అచ్చ నూలు కాగితం, రంగు పోగులు వేసింది, ఆయన చేతిలో పెట్టాను. "ఈ పోగుల ఐడియా ఆవిడది కదూ?" అన్నాడు. "కాదు" అన్నాను. ఒక్క మాట. దానికి ఎన్నాళ్ళు ఆగానో. ఆ రోజు మా ఇంట్లో పాయసం వండాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అన్నయ్యగారు పోయారు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు, ఏడ్చాను కూడా. షెడ్డు ఖాళీ చేసి వదిన బీటరు పాత ఇనప సామాను వాడికి ఇచ్చేస్తున్నారని తెలిసింది. పన్ను నొప్పి, బ్రాడీపేటలో డాక్టరుకి చూపించుకోవాలని మా ఆయనతో చెప్పి గుంటూరు వెళ్ళాను. షెడ్డుకి ఎదురుగా టీ బడ్డీ దగ్గర నిలబడి, ఆ రోలరుని నలుగురు మనుషులు ట్రాలీ మీదకి దొర్లిస్తుంటే చూశాను. వదిన వాకిట్లో నిలబడి ఉంది. తల దించుకునే ఉంది. నాకు ఆనందంగా ఉందా అంటే ఉంది. అబద్ధం దేనికి? రెండో టీ కూడా తాగాను.

ఆనందం ఎంతకాలం? అన్నయ్యగారి వైపు వాళ్ళతో పంచాయితీలు, వాటాలు అయ్యి మేడ చెయ్యి జారింది. ఒక మధ్యాహ్నం మా ఆయన రిక్షా దిగాడు, వెనకాలే ఇనప పెట్టెతో వదిన దిగింది. కూతురు ఒంగోలులో అత్తారింట్లో ఉంది. పుట్టింటి ఆడపడుచు, ఇంకెక్కడికి పోతుంది? ఆవిడ పడాలని కోరుకున్నాను నిజమే. పడితే తిన్నగా వచ్చి మా ఇంట్లో పడుతుందని ఎవరనుకున్నారు?

అయినా దొరికిన అవకాశం వదులుకునేదాన్ని కాదు. పనిలో పెట్టాను. చేతులు ఒరిసిపోయే సున్నం గుడ్డల జాడింపు ఆవిడకే. బొత్తాలు ఊడదీసే పని ఆవిడకే. బీటరు కడగడం సరేసరి. గొణుగుతుందేమో అని చెవులు రిక్కించి ఉండేదాన్ని. గొణగలేదు. ఒక్కోసారి, "గుజ్జు ఇంకా నలగాలి, గాజు గ్లాసులో పోసి చూడు, నూగు కనపడుతోంది" అనేది. నాకు తెలుసు అనేదాన్ని. ఆవిడ పక్కకి వెళ్ళగానే గ్లాసులో పోసి చూసేదాన్ని. నూగు కనపడేది.

కాగితం తీసే మనిషి ఒకరోజు జ్వరమొచ్చి రాలేదు. వదిన అడక్కుండానే చట్రం అందుకుంది. ముంచడం, లేపడం, అటో విదుపు ఇటో విదుపు, గుడ్డ మీద బోర్లించడం. నీళ్ళ చప్పుడు కూడా లేదు. కొట్టాయన వచ్చి ఆరిన కాగితాలు వెలుతురికి పెట్టి ఒక్కొక్కటే చూశాడు. నావి ఒక పక్కన పెట్టాడు, ఆవిడవి ఒక పక్కన పెట్టాడు. "అమ్మా, ఇక మీదట అన్నీ ఈ రకంగా రావాలి" అని ఆవిడవి తట్టాడు. నా మర, నా గుజ్జు, నా నూలు, ఆవిడ చెయ్యి. ఆ సాయంత్రం ఆవిడకి కూరలో ఉప్పెక్కువ వేశాను. ఇల్లంతా అదే కూర తినాలన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

అలా ఏళ్ళు గడిచాయి. నేను మానలేదు. ఆవిడ చెప్పింది ఏదీ ఒప్పుకోలేదు, ఆవిడ చేసింది ఏదీ మెచ్చుకోలేదు. వానాకాలం అందరి మగ్గాలూ ఆగినా మా పెరట్లో మర ఆగేది కాదు. వీధిలో ఆడవాళ్ళు నలుగురైదుగురు మా దగ్గరే పనిచేసేవారు. మేమిద్దరం పొద్దున్నే తొట్టికి అటొకరు ఇటొకరు నిలబడి పోట్లాడుకోవడంతో వాళ్ళకి రోజు మొదలయ్యేది.

ఒకరోజు ఒంగోలు నుంచి వదిన కూతురు ఫోన్ చేసింది. రెండో కాన్పు, మనిషి కావాలి, అమ్మ ఇక ఇక్కడే ఉండిపోవచ్చు అంది. మా ఆయన, "వెళ్ళు అక్కా, ఈ సున్నంలో ఎన్నాళ్ళు" అన్నాడు. వదిన సంచి సర్దుకుంది. నాకు పండగ కావాలి కదా. పొద్దున లేచి ముగ్గు వెయ్యబోతే చెయ్యి సాగలేదు. స్విచ్చి వేస్తే మర తిరిగింది, గుజ్జు తిరుగుతోంది, అటు పక్క ఎవరూ లేరు. ఇంకా నలగాలి అనేవాళ్ళు లేరు. ఈవిడ పోతే నేను రేపట్నుంచి ఎవరి మీద కోపంతో లేవాలి? ఎవరికి చూపించడానికి ఈ మర తిప్పాలి? ఇన్నేళ్ళూ ఆవిడ కోసమే బతికాను. ఆవిడ మీద పగతోనే అనుకోండి, బతకడం మాత్రం ఆవిడ కోసమే. ఆ మాట తోచగానే నామీద నాకే అసహ్యం వేసింది. దానికీ ఆవిడ మీదే కోపం వచ్చింది.

సంచి పట్టుకుని వదిన గుమ్మం దాకా వచ్చింది. నేను అడ్డంగా నిలబడ్డాను.

"కాన్పుకి వెళ్ళండి. పురుడు పోశాక తిరిగి రండి" అన్నాను.

"ఎందుకే? ఇన్నాళ్ళూ నేనెప్పుడు పోతానా అనేగా చూశావు."

"చూశాను. ఇంకా చూస్తాను. మీరు ఇక్కడుంటేనే కదా చూసేది?"

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను కళ్ళు తిప్పలేదు. ఆవిడా తిప్పలేదు. మా ఇద్దరి మధ్యలో మా ఆయన ఎటు చూడాలో తెలియక ఆటో వాడి వైపు చూస్తున్నాడు.

"చిన్న సంచి చాలు ఆ మాత్రానికి" అని, వదిన వెనక్కి తిరిగి లోపలికి నడిచింది. పెద్ద సంచి బరువుగా ఉంది, గడప దగ్గర తట్టుకుంది. నేను చెయ్యి వెయ్యలేదు.